పల్చబడ్డ నెత్తురు

అక్టోబరు 9

ఈ కాగితం చదివేవాడా, నీ నుదురు చివరిసారి నేలను ఎప్పుడు తాకింది?

చదివేది ఎవరు గనక? నేనే. నేను పోయాక ఎవరికీ దొరక్కుండా చింపి తందూరులో వెయ్యమని కోడలు జుమ్రద్‌కు చెప్పే ఉంచాను. అయినా అడుగుతున్నాను. జవాబు చెప్పు మస్తూరా. మర్గిలాన్ సగం ఊరి ఆడవాళ్ళకు నమాజు నేర్పినదానివి, వాళ్ళ చావులకూ పెళ్ళిళ్ళకూ గ్రంథం చదివే ఒతిన్ అమ్మవు, నీ నుదురు నేలను ఎప్పుడు తాకింది?

నిన్న తాకింది. తాకి అక్కడే ఉండిపోయింది.

పట్టు నేసేవాళ్ళ సందులో చావిల్లు. నలభయ్యో రోజు. నేను ఎప్పట్లాగే ఎత్తు పీట మీద కూర్చుని బోధిస్తున్నాను. సజ్దా గురించి, నమాజులో నుదురు నేలకు ఆనించడం గురించి గొంతు చించుకుంటున్నాను. "లేవలేనివాడికి కూడా నేల దూరం కాదు! మీ మోకాళ్ళకు సాకులెక్కడివి?" అన్నాను. ఒక ముసలామె నా పీట వంక చూసింది. అంతే, నాకు మంట రేగింది. పీట తన్నేసి నేల మీదికి దిగాను. నుదురు ఆనించాను. ఆహా, ఎన్నేళ్ళయింది!

లేవడానికి చేతులు ఊనాను. మోకాళ్ళు మాట వినలేదు. ఊపిరి అందలేదు. భోజనాల గుడ్డను నా పొట్ట కింద నుంచి దూర్చి, ఇటూ అటూ పట్టుకుని ఆడవాళ్ళు లేపారు. వెనక నుంచి ఎవరో "ట్రాక్టరు తెప్పించండే" అన్నారు. చావింట్లో నవ్వు.

దారిలో మా పక్కింటి ఖాల్‌బువీ నన్ను పట్టుకుని నడిపిస్తూ అంది: "ఒతిన్ ఆపా, మా అందరికీ స్వర్గానికి దారి చూపిస్తావు, బాగానే ఉంది. ఆ గుమ్మంలో నువ్వు దూరగలవా అని నా బెంగ."

అక్టోబరు 10

తిండి మీద ఆశతో లావెక్కానా? కాదు. అబద్ధం రాయకు. కొంత అవును. కానీ మిగతాది నా పని వల్ల. చావింట్లో పలావు. ఊయల వేడుకలో పలావు. ఒతిన్‌కు మొదటి పళ్ళెం, పైన గొర్రె తోక కొవ్వు. వద్దంటే ఇంటామె ముఖం మాడిపోతుంది, చనిపోయినవాడికి పుణ్యం అందలేదనుకుంటుంది. అలా ముప్పయ్యేళ్ళు ఊరి పుణ్యమంతా నా నడుము చుట్టూ చేరింది.

తినండి, తాగండి, మితిమీరకండి అని గ్రంథం చెబుతుంది. మొదటి రెండు మాటలే నేను గట్టిగా చదివినట్టున్నాను.

అక్టోబరు 16

తాష్కెంటు. బరువు తగ్గించే ఆపరేషన్ చేసే డాక్టరు పేరు లారిసా చోయ్. కొరియావాళ్ళ పిల్ల, ఇక్కడే పుట్టింది, ఉజ్బెకులో నాకంటే బాగా తిడుతుంది. నన్ను తూకం మీద నిలబెట్టి, "అమ్మా, ఇద్దరు ఎక్కకూడదు, ఒక్కరే ఎక్కాలి" అంది.

"ఒక్కదాన్నే."

"నాకు ఇద్దరు కనిపిస్తున్నారు. ఒకరిని నేను తీసేస్తాను. ఎవరిని ఉంచమంటారు?"

"నమాజు చదివేదాన్ని ఉంచు," అన్నాను. నవ్వింది. నచ్చింది నాకు ఆ పిల్ల.

చిన్న చిన్న రంధ్రాల్లోంచి లోపలికి వెళ్ళి లోపలి పొట్టసంచిని నిలువునా కోసి పెద్ద ముక్క తీసేస్తారట. కోసే పనిముట్టే అంచులను బిగించేస్తుంది, జిప్పు వేసినట్టు. మిగిలే పొట్ట అరటిపండంత. ఆ కోత గీత పొడుగునా నెత్తురు కారకుండా చూసుకోవడమే అసలు పని అంది. "కొయ్యడం ఎవరైనా కోస్తారమ్మా. ఆపడమే చదువు."

తర్వాత అడిగింది. "మందులేం వాడుతున్నారు?"

"షుగరు బిళ్ళ ఒక్కటే."

"ఇంటి వైద్యాలు? మూలికలు, నూనెలు?"

"నేను అల్లాహ్ గ్రంథం చదివేదాన్ని. నాటువైద్యురాలిని కాను."

రాసుకుంది.

అక్టోబరు 17

ఖాల్‌బువీ సీసా మందు కాదు.

మా సందులో నలభై దాటిన ప్రతి ఆడదానికీ ఒకటే భయం: నెత్తురు చిక్కబడుతోందని. తలనొప్పి వస్తే చిక్కబడింది, కాలు తిమ్మిరెక్కితే చిక్కబడింది. అందుకని ఖాల్‌బువీ వెల్లుల్లి, నిమ్మకాయ, తేనె, కలోంజీ అనే నల్లజీలకర్ర నూనె కలిపి సీసాలకు పడుతుంది. తెల్ల యాస్పిరిన్ బిళ్ళలు నూరి వేస్తుంది, గుండెకు మంచిదని. నేను దువా చదివి ఊదుతాను. నేను ఊదినది కాబట్టే సందంతా తాగుతుంది. అది తేనె. అది దువా. అంగట్లో అమ్మేదాన్ని కదా మందు అంటారు.

అక్టోబరు 25

మందు కాదు.

నవంబరు 2

ఖాల్‌బువీ కొత్త సీసాతో వచ్చింది. "ఆపరేషన్‌కు ముందు బాగా తాగు ఆపా. నెత్తురు నీళ్ళలా ఉంటే కత్తి వెన్నలో దిగినట్టు దిగుతుంది. మా ఆడబిడ్డ తాగకుండా వెళ్ళింది, చూడు, కుట్లు మానడానికి నెల పట్టింది."

రోజుకు రెండు చెంచాలు తాగేదాన్ని. ఇవాళ్టి నుంచి నాలుగు. బిస్మిల్లాహ్.

నవంబరు 11

రేపే. పరీక్షలన్నీ బాగున్నాయట. జుమ్రద్ సంచి సర్దుతోంది. సంచి అడుగున సీసా కనిపించి ఆగింది.

"అత్తమ్మా, ఇది కూడానా?"

"దువా చదివిన సీసా. నాతో ఉండనీ."

"డాక్టరుగారికి చెప్పారా?"

"కోడలికి కూడా జవాబుదారీనా నేను!"

జుమ్రద్ తల వంచుకుని సర్దింది. మంచి పిల్ల. కొంచెం ఎక్కువ చూస్తుంది.

అల్లాహ్, చస్తే సజ్దాలో చావాలని ఎన్నిసార్లు అడిగాను. బల్ల మీద వెల్లకిలా చావనియ్యకు. ఒక్కసారి, ఎవరి చెయ్యీ లేకుండా వంగి, ఎవరి చెయ్యీ లేకుండా లేవనీ. తర్వాత నీ ఇష్టం.

నవంబరు 13

బతికే ఉన్నాను.

నవంబరు 14

పెన్సిలు పట్టుకోగలుగుతున్నాను. పక్కటెముకల కింద నుంచి ఒక గొట్టం వచ్చింది. చివర రబ్బరు బుడ్డి. అందులో నెత్తురు. ఎర్రగా, దానిమ్మ రసంలా.

డాక్టరు చోయ్ వచ్చి మంచం అంచున కూర్చుంది. కళ్ళ కింద నల్లగా ఉంది.

"అమ్మా, మీరు నాకు చెమటలు పట్టించారు. కోసినంత మేరా నెత్తురు ఊరింది. ఒకచోట కాదు. చెమట పట్టినట్టు అన్నిచోట్లా."

"ఏం చేశావు తల్లీ?"

"ముందు నొక్కిపట్టాను. కంగారుపడి ప్రతి చుక్క వెంటా పరుగెత్తకూడదు. గుడ్డ పెట్టి నొక్కి, ఓపికగా ఉంటే సగం చోట్ల అదే ఆగుతుంది. ఆగని చోట చిన్న చిన్న క్లిప్పులు బిగించాను. అయినా నాకు నమ్మకం కలగలేదు. గీత పొడుగునా మళ్ళీ దారంతో కుట్టాను, దుప్పటి అంచు కుట్టినట్టు. చివర్లో మత్తు డాక్టరుతో బీపీ పెంచమన్నాను."

"పెంచమన్నావా? నెత్తురు కారుతుంటే ఎవరైనా తగ్గిస్తారు కదా?"

"తగ్గితే దాక్కుంటుందమ్మా. లోపల అంతా శుభ్రంగా ఉన్నట్టు కనిపిస్తుంది. మేం సంతోషంగా మూసేస్తాం. మీరు మేలుకుని దగ్గితే బీపీ లేస్తుంది, అప్పుడు కారుతుంది. అందుకే మేమే ముందు పెంచి చూస్తాం. ఎక్కడ దాక్కుందో బయటపడుతుంది. ఇంకో రెండు చోట్ల దొరికింది. కుట్టాను."

నేను మంచం మీదే లేచి కూర్చోబోయాను. ఇది కదా బోధ! ముప్పయ్యేళ్ళుగా నేను వెతుకుతున్న ఉపమానం ఈ కొరియా పిల్ల చేతి తొడుగుల్లో ఉంది!

తర్వాత ఆమె గొంతు తగ్గించి చెప్పింది. బుడ్డిలో రంగు గులాబీకి తిరగాలట. తిరగకపోతే మళ్ళీ లోపలికి వెళ్ళి చూడాలట. "మళ్ళీ మత్తు. మీ గుండె రెండోసారి తట్టుకుంటుందని నేను మాట ఇవ్వలేను. అడగాల్సిందే కాబట్టి మళ్ళీ అడుగుతున్నాను, ఏ మందూ వాడలేదు కదా?"

"షుగరు బిళ్ళ," అన్నాను.

జుమ్రద్ కిటికీ వైపు తిరిగింది.

నవంబరు 15, పొద్దున

ఎరుపు.

ఇప్పుడు చెబితే ఏమవుతుంది? ఒతిన్ అమ్మ దువా ఊదిన సీసా తాగి ఒతిన్ అమ్మ నెత్తురు ఆగలేదు అని మర్గిలాన్ అంతా అంటుంది. నా ఊపిరి మీద ఇంకెవరికి నమ్మకం ఉంటుంది? నా కోసం కాదు ఇది. దీన్ పరువు కోసం, మన మతం పరువు కోసం.

అలాగే రాసుకో. దీన్ పరువు కోసమే.

నవంబరు 15, మధ్యాహ్నం

పడుకోమన్నారు. అయినా రాయాలి. చల్లారకముందే రాయాలి.

వార్డులో మాతోపాటు ముగ్గురు ఆడవాళ్ళు, అందరూ నాలాంటి పర్వతాలే. ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్నారు, భయపడుతున్నారు. ఒకామె ఏడుస్తోంది. నేను ఊరుకుంటానా? దిండుకు ఆనుకుని మొదలుపెట్టాను.

"ఏడవకండే! వినండి! నెత్తురు కారుతుంటే ఆ డాక్టరమ్మ ఏం చేసిందో తెలుసా? బీపీ పెంచింది! తగ్గించలేదు, పెంచింది! ఎందుకు? దాక్కున్నది బయటపడాలని! మీకు కష్టం వచ్చినప్పుడు అల్లాహ్ ఎందుకు పెంచాడని ఏడుస్తారెందుకు? మీలో ఎక్కడ కారుతోందో చూపించడానికి! మెడ నరం కంటే దగ్గరగా ఉన్నవాడి దగ్గర ఏం దాస్తావు? దాచిపెట్టి పైన కుట్టేసుకుంటే లోపల చచ్చేది నువ్వే!"

ఏడుస్తున్నామె ఏడుపు ఆపింది. ఇంకొకామె "సుభానల్లాహ్" అంది. నా గొంతు తిరిగొచ్చింది, పాత గొంతు. "గడ్డకట్టిన నెత్తురు నుంచి మనిషిని చేశానన్నాడు! ముద్దగా అతుక్కునే గడ్డ నుంచి! నీళ్ళలా కారిపోయేదాన్నుంచి కాదు! గడ్డకట్టడమే మన పుట్టుక, మన..."

అక్కడ ఆగిపోయాను.

ఆ సూరా, గ్రంథంలో ఆ అధ్యాయం, నాకు పసితనం నుంచి నోటికి వచ్చు. ఎన్ని వందల మందికి నేర్పాను. గడ్డ. అతుక్కునే గడ్డ. దాన్ని నీళ్ళు చెయ్యమని రోజూ చెంచాలతో తాగి, పైన అదే నోటితో ఊది.

తలుపు దగ్గర డాక్టరు చోయ్ నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో. చేతులు కట్టుకుని ఉంది.

"బాగా చెప్పారమ్మా," అంది. "బుడ్డి ఇంకా ఎర్రగానే ఉంది. థియేటరు సిద్ధం చెయ్యమన్నాను. వెళ్ళేముందు చివరిసారి అడగనా? మీరు దాచింది ఏమైనా ఉందా?"

వార్డంతా నా వైపు చూస్తోంది. ఇప్పుడే ఆ గొంతుతో అరిచిన నన్ను.

"జుమ్రద్," అన్నాను. "సీసా తియ్యి."

జుమ్రద్ ఎంత త్వరగా తీసిందో! ఆ పిల్ల చెయ్యి పొద్దుటి నుంచి సంచి మీదే ఉంది.

డాక్టరు మూత తీసి వాసన చూసింది. "వెల్లుల్లి. ఇంకా?"

"నిమ్మ. తేనె. కలోంజీ నూనె." ఒక్కటి మిగిలింది. "యాస్పిరిన్. నూరి."

"ఎంత?"

"రెండు చెంచాలు. ఆపరేషన్ సులువుగా జరగాలని... చివరి రోజుల్లో నాలుగు."

ఆమె నా మంచం మీద కూలబడింది. కొరియా మాటలో ఏదో అంది, అనువాదం అక్కర్లేదు. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

"నేను ఇప్పుడు మిమ్మల్ని మళ్ళీ తెరిచి ఒక రంధ్రం వెతకబోతున్నాను! లేని రంధ్రం! నా కుట్లు గట్టిగానే ఉన్నాయమ్మా. నెత్తురే గడ్డకట్టడం మరిచిపోయింది. మామూలు పరీక్షల్లో ఇది కనబడదు. మీరు చెబితేనే తెలుస్తుంది. అడిగాను కదా, ఎన్నిసార్లు అడిగాను?"

"అది మందు కాదనుకున్నాను."

"అనుకున్నారా?"

"కాదు," అన్నాను. "అనుకోవాలనుకున్నాను."

ఏడ్చినామె దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని చూస్తోంది. చూడనీ. నేను ఎన్నో ఇళ్ళలో బోధించాను, నన్ను అంత శ్రద్ధగా ఎక్కడా ఎవరూ వినలేదు.

థియేటరు వద్దని చెప్పింది. ఒక సూది వేశారు. పసుపు రంగు సంచి ఒకటి తగిలించారు. అందులో గడ్డకట్టించే కణాలు ఉంటాయట, ఎవరో ఇచ్చినవి. ఎవరి గడ్డ నాలోకి వెళుతోందో, వాళ్ళకు స్వర్గం రాసిపెట్టు అల్లాహ్.

"ఇప్పుడు కాచుకుని చూద్దాం," అంది డాక్టరు. "తిరగకపోతే మాత్రం వెళ్ళాల్సిందే."

నవంబరు 16

గులాబీ!

నవంబరు 17

గులాబీ కంటే పల్చన. వాడిపోయిన రోజా నీళ్ళలా. డాక్టరు చోయ్ బుడ్డిని వెలుతురుకు ఎత్తి చూసింది, పెళ్ళిచూపుల్లో టీ రంగు చూసే అత్తగారిలా. "అందంగా ఉంది," అంది. నా శరీరంలోంచి వచ్చిన దేన్నీ ఎవరూ అందంగా ఉందనలేదు ఇప్పటిదాకా.

వార్డులో ఆ ముగ్గురిలో ఇద్దరు తమ బ్యాగుల్లోంచి పొట్లాలు తీసి డాక్టరు బల్ల మీద పెట్టారట. ఒకామె దగ్గర జలగల వైద్యం చీటీ కూడా. జుమ్రద్ చెప్పింది, నవ్వు ఆపుకోలేక. మొదటిసారి నా ముందు పళ్ళు కనబడేలా నవ్వింది. నేనూ నవ్వాను. కుట్లు లాగాయి. లాగనీ!

నవంబరు 28

ఇల్లు. చిన్న గిన్నెలో పులుసు నీళ్ళు. అదీ సగమే పడుతుంది.

ఖాల్‌బువీ వచ్చి, "ఏమే ఆపా, కొత్త సీసా తేనా?" అంది.

"ఇంకా తాగకూడదట," అన్నాను. అది అబద్ధం కాదు.

పూర్తి నిజం కూడా కాదు. ఆమె చేతుల మీదుగా ఆ సీసా సందంతా తిరుగుతుంది. నా దువాతో. ఆమె ముఖం చూసి ఎలా చెప్పను? శుక్రవారం చెబుతాను.

డిసెంబరు 7

వచ్చే శుక్రవారం.

జనవరి 19

చావింట్లో పలావు. మొదటి పళ్ళెం నా ముందు పెట్టారు. మూడు చెంచాలు తిన్నాను. ఇంటామె ముఖం మాడింది.

"మా పలావు చేదుగా ఉందా ఒతిన్ అమ్మా?"

"నాకు మూడు చెంచాల పొట్ట. కానీ ఒతిన్ పళ్ళెం ఖాళీగా వెళ్ళకూడదు కదా? గుమ్మం దగ్గర కూర్చున్న ఆ విధవకు ఇవ్వు. నా వాటా పుణ్యం ఆమె నోటి నుంచి చేరుతుంది." ఇచ్చింది. ఇప్పుడు నేను వెళ్ళే ప్రతి ఇంట్లో అదే పద్ధతి. నా గౌనులో ఇద్దరు పడతారని జుమ్రద్ కుట్లు విప్పి కుడుతోంది.

మార్చి 22

నౌరోజు పండుగ నిన్న. ఆప్రికాట్ చెట్లు తెల్లగా విరగబూశాయి.

ఇవాళ తెల్లవారుజాము నమాజుకు పీట తెచ్చుకోలేదు. నేల మీద చాప. నిలబడ్డాను, వంగాను, మోకాళ్ళు విరిగినట్టు చప్పుడు చేశాయి గానీ మాట విన్నాయి. నుదురు ఆనింది. చాప మీద కాదు, చాప దాటి మట్టి మీద, వంగడం అలవాటు తప్పి దూరం సరిగ్గా అంచనా వెయ్యలేదు. చల్లటి మట్టి. తడి వాసన. అక్కడే ఉన్నాను. అల్లాహ్, ఎంతసేపైనా ఉండగలిగేదాన్ని.

కానీ అసలు పరీక్ష ఉండటం కాదు. లేవడం.

చేతులు ఊనాను. లేచాను. ఎవరి చెయ్యీ లేదు. గుడ్డ లేదు. ట్రాక్టరు లేదు! మళ్ళీ వంగాను, మళ్ళీ లేచాను. అవసరం లేకపోయినా ఇంకోసారి. ఇంకోసారి! గుమ్మంలో జుమ్రద్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. "అత్తమ్మా, చాలు, లెక్క తప్పుతారు," అంది ఏడుస్తూ.

"తప్పనీ! ఇన్నేళ్ళ బాకీ తీరుస్తున్నాను!"

టీ తెచ్చింది. మామూలుగా చెప్పినట్టు చెప్పింది: "ఖాల్‌బువీ అత్తకు పిత్తాశయంలో రాళ్ళట. రేపు ఫెర్గానాలో ఆపరేషన్. ఇవాళ మధ్యాహ్నం బస్సుకు వెళుతోంది. ఎదురొచ్చి నవ్వుతూ అంది, 'నేను మీ అత్తలా భయపడను, నాలుగు చెంచాలు తాగుతున్నాను' అని."

ఇంతదాకా రాసి పెన్సిలు పడేశాను. మళ్ళీ తీశాను.

నాలుగు చెంచాలు. నా ఊపిరి ఊదిన నాలుగు చెంచాలు.

ఎన్ని శుక్రవారాలు దాటించావు మస్తూరా? దీన్ పరువు కోసమేనా? గొట్టంలో ఎరుపు చూసినదానివి నువ్వు. నీకు చోయ్ దొరికింది, సీసా తీసే కోడలు దొరికింది. ఆమె సంచిలోంచి సీసాను ఎవరు తీస్తారు? అక్కడి డాక్టరు అడుగుతాడు. ఆమె "ఏమీ వాడను" అంటుంది. నువ్వు నేర్పిన గొంతుతోనే అంటుంది. అది నెత్తురులోంచి పోయేదాకా వారం ఆగమని చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు. నెత్తురు ఎక్కడ కారుతోందో వెతుకుతూ ఒక పొట్టను మళ్ళీ మళ్ళీ తెరుస్తారు.

టీ చల్లారనీ. నుదుటి మీద మట్టి తుడుచుకోకు, అలాగే వెళ్ళు, ఎక్కడి నుంచి లేచి వచ్చావో ఆమె చూడాలి. సందులో అందరి ముందూ చెప్పాల్సి వస్తే అందరి ముందే చెప్పు. సీసా ఆమె చేతిలోంచి తీసుకుని కాలవలో పొయ్యి. డాక్టరుకు నీ నోటితోనే చెప్పు, బస్సు ఎక్కి ఆమె పక్కనే కూర్చుని వెళ్ళు. ఆమె తిడితే తిట్టించుకో. ముఖం చాటేస్తే ఆ ముఖం ముందే నిలబడు. ఈ శుక్రవారం కాదు. రేపు కాదు. బస్సు కదలకముందే.

లే మస్తూరా! ఇవాళే! మోకాళ్ళు ఇచ్చాడు కదా, పరుగెత్తు!